నర్సయ్య పేరు మీద రెండు డబ్బాలు

సిరిసిల్లలో రామచంద్రం ఇల్లెక్కడని అడిగితే నంబరు ఎవరూ చెప్పరు, సగం కార్ఖానా ఇల్లు అంటారు. అతని తమ్ముడు పర్శరాములు ఇల్లెక్కడని అడిగినా అదే మాట చెబుతారు. ఎందుకంటే ఆ రెండో సగం అతనిది. నడుమ ఒక ఇటుక గోడ ఉంది. దానికి ఇటు పక్క తెల్ల సున్నం, అటు పక్క నీలం రంగు. అన్నదమ్ములు రంగు మీద కూడా ఒప్పుకోలేదని వాడకట్టులో నవ్వుకుంటారు కానీ, అసలు మాటలే లేని వాళ్లు రంగు మీద ఒప్పుకునేది ఎట్లా?

గోడ లేని రోజుల్లో అది పొడుగాటి రేకుల షెడ్డు. అందులో నాలుగు సాంచాలు ఆడేవి. కరెంటు మగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. తండ్రి నర్సయ్య వాటిని ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కూర్చుకున్నాడు. పిల్లలిద్దరూ బడి నుంచి రాగానే పలకలు మూలకు పెట్టి నూలు కండెలు చుట్టేవాళ్లు. మీసాలు వచ్చేనాటికి చెరో రెండు సాంచాల మీద నిలబడ్డారు. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. పోగు తెగిందంటే రెండు వేళ్లు కత్తెరలా ఆడించడం, కండె అయిపోయిందంటే బొటనవేలు కిందికి దించడం, అంతా చేతులతోనే నడిచేది. సాంచాల మీద పెరిగిన వాడికి రెండు అబ్బుతాయి, ఒకటి పనితనం, రెండోది చెవుడు. రామచంద్రానికి రెండోది కాస్త ఎక్కువగానే అబ్బింది. తమ్ముడూ తక్కువ తినలేదు.

ఆ షెడ్డు నడిమి స్తంభానికి ఒక చెక్క కొట్టి, దాని మీద నర్సయ్య రేడియో పెట్టాడు. సాంచాలు ఆడుతున్నంతసేపు అది ఉన్నా లేనట్టే. కరెంటు పోగానే నాలుగు సాంచాలూ ఒక్కసారి ఆగిపోయేవి, నర్సయ్య లేచి మీట తిప్పేవాడు. చెవుల్లో ఇంకా హోరు ఉండగానే అందులోంచి పాట మెల్లగా పైకి తేలి వచ్చేది. కరెంటు పోతే కూలి పోయినట్టే, అయినా ఆ ఇంట్లో ఎవరూ విచారించేవాళ్లు కాదు. రామచంద్రానికి ఇప్పటికీ ఎక్కడైనా కరెంటు పోతే ఒక పాట మొదలవుతుందని అనిపిస్తుంది. మొదలవదు, ఇన్వర్టరు కుయ్యిమంటుంది అంతే.

నేసిన ప్రతి తాను కొసకూ నర్సయ్య తన పేరు ముద్ర గుద్దేవాడు. చదువు రాదు, సంతకం రాదు, కానీ కరీంనగర్ పోయి తన పేరు చెక్కించుకొచ్చాడు. ఎర్రసిరా ముద్ర. గుడ్డ కొనే సేటు గోదాములో వంద మంది తానులు కలిసిపోయినా అది నర్సయ్యదని గుమాస్తా దూరం నుంచే చెప్పేవాడు. గుడ్డలో ఒక్క పోగు తప్పున్నా ఆ పూట ముద్ర పడేది కాదు. కొడుకులకు ఆయన చెప్పిన నీతిశాస్త్రం మొత్తం అంతే.

నర్సయ్య పోయాక గిరాకీ కూడా పోయింది. పర్శరాములు బతుకుదెరువుకు మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భీవండి వెళ్లాడు. అతను అక్కడున్నప్పుడే రామచంద్రం నాలుగు సాంచాలనూ పాత ఇనుము వాళ్లకు తూకానికి ఇచ్చేశాడు. తమ్ముణ్ని అడగలేదు. అడగకపోవడానికి కారణాలు లేకపోలేదు, కానీ కారణాలు చెప్పుకోవాలన్నా మనుషులు ఎదురుబొదురు కూర్చోవాలి కదా. పర్శరాములు తిరిగి వచ్చాడు, ఖాళీ షెడ్డులో నిలబడ్డాడు, సాంచాల కాళ్లు దిగబడిన గుంతలను చూశాడు. వెళ్లి మేస్త్రీని పిలుచుకొచ్చాడు. స్తంభం వరస పట్టి గోడ లేచింది.

ఆడవాళ్ల సంగతి వేరు. రామచంద్రం భార్య ఐలవ్వా, ఆమె తోడికోడలూ ఈ తగువును ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. పెరటి గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. పచ్చిపులుసు ఎవరింటిదో నాలుక మీద పడగానే రామచంద్రానికి తెలిసేది. తెలిసినా అడిగేవాడు కాదు, రెండోసారి పోయించుకునేవాడు.

సాంచాలు పోయాక ఇల్లు మూగబోయింది. చెవుడున్న వాడికి నిశ్శబ్దం తెలియదని అనుకుంటారు, అది ఉత్త మాట. కాళ్ల కింద నేల అదరకపోతే అతనికి తెలుస్తుంది. ఆ మూగ ఇంటికి మళ్లీ గొంతు తెచ్చింది కూతురు రోజారాణి. హైదరాబాద్‌లో ఒక బీమా కంపెనీలో చేరింది, హాస్టల్లో ఉండేది. కరోనా కాలంలో అందరినీ ఇళ్లకు పంపినప్పుడు తానూ వచ్చింది. తర్వాత చాలామందిని వెనక్కి పిలిచారు కానీ, పని బాగా చేస్తుందని ఈమెను ఇంటి నుంచే చేసుకోనిచ్చారు. పొద్దున నుంచి సాయంత్రం దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని గలగల మాట్లాడేది. మధ్యలో వచ్చి తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి, తన ఆఫీసులో ఎవరు ఎవరితో అలిగారో పూసగుచ్చినట్టు చెప్పేది. మిగతా ప్రపంచమంతా అతనితో రెండు మాటలు గట్టిగా అరిచి, విసుగొచ్చి ఊరుకుంటుంది. రోజా ఒక్కతే చివరిదాకా చెబుతుంది. ఆ కబుర్ల కోసం రామచంద్రం బట్టల దుకాణంలో తానులు మడతపెట్టే పనికి కూడా రోజుకు ఒక్క పూటే పోయేవాడు.

ఇంట్లో వైఫై పెట్టడానికి వేములవాడ నుంచి హరీష్ అనే పనివాడు వచ్చాడు. డబ్బాను స్తంభానికి, ఒకప్పుడు రేడియో ఉన్న చోటే బిగించాడు. దీనికేం పేరు పెట్టమంటారని అడిగాడు. రామచంద్రం ఆలోచించలేదు. "మా బాపు పేరు పెట్టు, నర్సయ్య అని" అన్నాడు. హరీష్ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూపించాడు. ఫోన్‌లో తండ్రి పేరు చూసుకుని రామచంద్రానికి కడుపు నిండింది. ఎర్రసిరా పోయి గాలిలో ముద్ర పడ్డట్టు అనిపించింది.

చాలా నెలలు ఏ గొడవా లేదు. దసరా దాటాక మొదలయ్యాయి తిప్పలు. రోజా మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా తెర మీది బొమ్మ బిగుసుకుపోతుంది. తర్వాత తెగిపోతుంది. మళ్లీ కలుపబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, సరైనది కొడితే తప్పంటుంది. కాసేపటికి దానంతటదే కలుస్తుంది. నిన్న పట్టిన తాళంచెవి ఇయ్యాల ఎందుకు పట్టదని రామచంద్రం అడిగితే ఆ పిల్ల డబ్బాను ఆపి మళ్లీ వేసేది. షెడ్డు రేకుల కింద ఫోన్ సిగ్నల్ కూడా రాదు. అర్జెంటయితే వీధి గల్మలో, గడప మీద నిలబడి ఫోన్ పట్టుకోవాలి. వీధిలో కోళ్లు, కూరగాయల బండ్లు, పక్కింటి వాళ్ల ముచ్చట్లు, అన్నీ కలిసి హైదరాబాద్ దాకా పోయేవి.

రామచంద్రం దీన్ని సాంచాలా చూశాడు. సాంచా ఆగితే కంగారు పడకూడదు, పోగు ఎక్కడ తెగిందో వెతకాలి. వీధి స్తంభం నుంచి డబ్బా దాకా తీగను బొటనవేలితో తడుముకుంటూ వచ్చాడు. ఎక్కడా తెగలేదు. కార్ఖానా ఇళ్లలో దూది నూగు పడుతుందని దేనికైనా గుడ్డ కప్పడం అలవాటు. నూగు పోయి ఏళ్లయినా అలవాటు పోలేదు కాబట్టి ఐలవ్వ డబ్బాకు కూడా అంచు కుట్టిన గుడ్డ కప్పింది. అది తీసేశారు. లాభం లేదు. హరీష్ వచ్చి తీగ మార్చాడు, ఇంకోసారి డబ్బానే మార్చి దానికీ అదే పేరు పెట్టాడు. ఐలవ్వ నిమ్మకాయ, మిరపకాయలు దండ కట్టి స్తంభానికి వేలాడదీసింది. దిష్టి ఏమో కానీ, ఆ దండ చూసి ఆఫీసు వాళ్లంతా మీటింగులో నవ్వారట.

వాళ్ల నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. రోజా పై అధికారి, మేడమ్, ఖండితంగా చెప్పేసింది. ఈ నెలాఖరున పెద్ద మీటింగు ఉంది, అందులో లైన్ తెగితే ఇక ఇంటి నుంచి పని లేదు, హైదరాబాద్ వచ్చి కూర్చోవాలి. రోజా ఈ మాటను తండ్రి చెవిలో చెప్పలేదు, తల్లికి చెప్పింది. ఐలవ్వ చెప్పింది అతనికి. ఆ రాత్రి రామచంద్రం అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్దను కలుపుతూనే ఉన్నాడు. మళ్లీ ఆ మూగ ఇల్లు అతనికి వద్దు. నిజం చెప్పాలంటే భయమేసింది.

జవాబు దొరికింది మాత్రం వేములవాడ రాజన్న దేవుడి వల్లే. పర్శరాములు, అతని భార్య గుడిలో కోడెను కట్టే మొక్కు చెల్లించడానికి వేములవాడ వెళ్లారు. పోయే ముందు కరెంటు మెయిన్ దించి, తాళం వేసి పోయారు. ఆ రోజంతా రోజా లైన్ ఒక్కసారి కూడా తెగలేదు. రాజన్న దయ అని ఐలవ్వ చెంపలేసుకుంది. మర్నాడు వాళ్లు తిరిగొచ్చారు, పొద్దున్నే బొమ్మ బిగుసుకుపోయింది. రామచంద్రం గోడ వైపు చూశాడు. తెగిన పోగు ఇటు కాదు, అటు ఉందని అతనికి అప్పుడు తట్టింది.

హరీష్‌ను పిలిస్తే, చుట్టుపక్కల ఉన్న డబ్బాలన్నిటినీ విడివిడిగా చూపించే యాప్ తీశాడు. చూసి నోరెళ్లబెట్టాడు. గోడకు అవతల, అదే స్తంభానికి, ఇంకో డబ్బా ఉంది. వేరే కంపెనీది. దసరా తర్వాత పర్శరాములు టీవీ కోసం పెట్టించుకున్నాడు. దాని పేరు కూడా నర్సయ్యే. మామూలు ఫోన్‌లో రెండూ కలిసి ఒక్క పేరుగానే కనపడతాయి కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. లాప్‌టాప్‌కు నర్సయ్య అంటే నర్సయ్యే, ఏ కొడుకు నర్సయ్యో దానికేం తెలుసు? గోడ అవతలి డబ్బా కాస్త బలంగా కనపడగానే అటు పోతుంది, ఇక్కడి పాస్‌వర్డ్ అక్కడ పట్టదు, తెగిపోతుంది. ఇద్దరిలో ఒకరు పేరు మార్చుకుంటే చాలు, ఇంకే రోగమూ లేదన్నాడు హరీష్.

చాలు అనడం సులువే. ఇల్లు పంచుకున్నారు, గోడ కట్టుకున్నారు, బాపు పేరును ఎట్లా పంచుకోవాలి? పెద్దకొడుకును నేను, పేరు నాది అని రామచంద్రం మొదట భీష్మించాడు. పేరు మార్చుకొమ్మని తమ్ముడికి చెప్పాలంటే ఆ గడప తొక్కాలి. తొక్కితే మొదట వచ్చే మాట సాంచాల మాటే. దానికి అతని దగ్గర ఇప్పటికీ సిద్ధంగా జవాబు లేదు. ఆ పూట హరీష్‌ను తర్వాత రమ్మని పంపేశాడు. అదే సాయంత్రం ఐలవ్వ పెరటి గోడ దగ్గర తోడికోడలితో సంగతంతా చెప్పుకుని కళ్లొత్తుకుంది. బిడ్డ హైదరాబాద్ పోవాల్సి వస్తుందని, రెండు డబ్బాలకూ మామ పేరే ఉండడం వల్ల ఈ బాధ అని.

పెద్ద మీటింగు రోజు రానే వచ్చింది. రామచంద్రం పొద్దున్నే హరీష్‌కు ఫోన్ చేయించాడు. అతను రాగానే, రాత్రంతా కూర్చుని తీర్మానించుకున్న మాట పైకి చెప్పాడు. "తియ్యి. నా దాని మీద బాపు పేరు తియ్యి" అన్నాడు. కొత్త పేరేం పెట్టాలని హరీష్ అడిగాడు. అప్పుడూ రామచంద్రం ఆలోచించలేదు. రోజా అని పెట్టమన్నాడు. ఫోన్‌లో తండ్రి పేరు పక్కకు పోయి కూతురి పేరు వచ్చింది. తన చేతులతో తానే ముద్ర చెరిపినట్టు అనిపించి కళ్లు తిప్పుకున్నాడు. లైన్ మాత్రం మధ్యాహ్నం దాకా చెక్కు చెదరలేదు.

మీటింగు మొదలై రోజా వంతు వచ్చింది. నాలుగు మాటలు మాట్లాడిందో లేదో బొమ్మ బిగుసుకుంది, పాస్‌వర్డ్ అడిగింది. పిల్ల మొహం తెల్లబోయింది. ఫోన్ పట్టుకుని గల్మలోకి పరుగెత్తింది, పది నిమిషాలు ఆగమని బతిమాలింది, వెనక్కి వచ్చి ఫోన్‌లో పేర్ల వరస చూసింది. పక్కింటి వాళ్లవి ఉన్నాయి, రోజా ఉంది. నర్సయ్య లేదు.

తండ్రి చెవి దగ్గరికి వచ్చి అంది, "బాపు, తాత పేరు కనవడ్తలేదు. చిన్నబాపు గూడ మార్చిండు. ఆయన గూడ నా పేరే పెట్టినట్టుండు."

రామచంద్రానికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థం కాగానే చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. తమ్ముడి గేటు గొళ్లెం ఎటు తిరుగుతుందో కూడా అతనికి తెలియదు. నీలం గోడ ఉన్న గదిలో పర్శరాములు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. వయసు మీద పడింది, మీసాలు తెల్లబడ్డాయి. రోజూ వీధిలో ఎదురుపడుతూనే ఉన్నా, ఇంత దగ్గరి నుంచి చూసి ఎన్నాళ్లయిందో.

"నీ డబ్బ బంద్ చెయ్ రా పర్శీ" అన్నాడు రామచంద్రం. అన్నాడంటే అరిచాడు. చెవిటివాళ్ల మాట మామూలుగానే అరుపు కదా, వాడకట్టు వాళ్లంతా తగువనుకుని గల్మల్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఎందుకు బంద్ చేయాలె? బిడ్డ పోతదని వదిన ఏడ్చిందట. అందుకే గిప్పుడే బాపు పేరు తీసి బిడ్డ పేరు పెట్టిన. ఇంకేం గావాలె నీకు?" పర్శరాములు కూడా అరిచాడు.

"నేను గూడ గదే పెట్టిన రా."

పర్శరాములు లేచి, స్తంభం దగ్గరికి వెళ్లి స్విచ్ ఆపేశాడు. డబ్బా లైట్లు ఆరిపోయాయి. గోడ అవతల నుంచి ఐలవ్వ ముందు గేటు దాకా పరుగెత్తుకొచ్చి, కలిసిందని చేతితో చెప్పి మళ్లీ లోపలికి పోయింది. గల్మల్లో నిలబడ్డవాళ్లు ఏ తగువూ జరగకపోయేసరికి కాస్త నిరాశగానే వెళ్లిపోయారు.

మీటింగు అయ్యేదాకా స్విచ్ వేయకూడదు. అంచేత అయిపోయిందన్న కబురు వచ్చేదాకా రామచంద్రం అక్కడే ఆగాడు. నులక మంచం మీద ఒక కొసన కూర్చున్నాడు. తమ్ముడు ఇంకో కొసన కూర్చున్నాడు. మరదలు నీళ్లిచ్చి లోపలికి తప్పుకుంది. ఈ సగంలో సాంచాల గుంతలు ఇంకా పూడ్చలేదు, సిమెంటు వేయకుండా అట్లాగే ఉంచాడు. అవి రామచంద్రం కంట పడ్డాయి.

"ఆనాడు నిన్ను అడగాల్సి ఉండె" అన్నాడు. ఇన్నేళ్లు జవాబు వెతుక్కున్నది దీనికే. తీరా చూస్తే అది జవాబే కాదు.

పర్శరాములు ఆ గుంతల వైపే చూస్తూ అన్నాడు. "అడుగుతె వద్దంటుంటి. వద్దంటె మీరేం తింటుండె? భీవండిల కూసొని వద్దనుడు అల్కనే, కష్టమేమున్నది?" ఈసారి అరవకుండా, పెదాలు కనపడేలా అన్నవైపు తిరిగి చెప్పాడు. "గని బిడ్డ పేరు మాత్రం నేను తియ్య. నీ దాని మీద నువ్వు తీసెయ్. బాపు పేరు నువ్వే పెట్టుకో, పెద్దోనివి."

చిన్నప్పటి నుంచి ఆఖరి మాట రామచంద్రానిదే, ఈసారి అది తమ్ముడికి పోయింది. ముఖం పక్కకు తిప్పుకుని భుజం మీది తువ్వాలతో తుడుచుకున్నాడు. మంచానికి అవతలి కొసన తమ్ముడు ఆరిపోయిన డబ్బాను చూస్తున్నట్టు నటించాడు.

గోడ అవతల మీటింగు బాగా అయింది. మేడమ్ మెచ్చుకుంది, ఇక హైదరాబాద్ మాట ఎత్తలేదు. రోజా సంతోషం పట్టలేక గోడ దగ్గరికి వచ్చి, అయిపోయింది, ఇక స్విచ్ వేసుకోవచ్చని పెద్దగా కేక పెట్టింది. ఒకసారి పెట్టింది, రెండుసార్లు పెట్టింది. నాలుగిళ్ల అవతలి వాళ్లకు కూడా వినపడింది. మంచం మీద కూర్చున్న ఇద్దరికీ వినపడలేదు. వాళ్లు అట్లాగే కూర్చున్నారు.